అల్హంబ్రా (గ్రనాడా, స్పెయిన్): అమ్మానాన్నలతో వెళ్తున్నాం, నాన్నకు మోకాళ్ల నొప్పులు, సలహా కావాలి

నత్తనడక | మార్చి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మానాన్నలు ఏప్రిల్ ఆఖర్లో తెనాలి నుంచి వస్తున్నారు. మే రెండో వారంలో మలగా దాకా విమానం, అక్కణ్ణుంచి బస్సులో గ్రనాడా, అక్కడ రెండు రాత్రులు. అల్హంబ్రా టికెట్లు తీశాను. లోపల నస్రిద్ వంశపు సుల్తానుల రాజభవనాల్లోకి మధ్యాహ్నం 12:30 స్లాటే దొరికింది. రెండు నెలల ముందు చూస్తే పొద్దుటి స్లాట్లన్నీ అయిపోయాయి!

నాన్నకు 68. కృష్ణా డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఎండనక వాననక గట్ల మీద మైళ్లకు మైళ్లు నడిచిన మనిషి, ఇప్పుడు మెట్లు చూస్తే మొహం ముడుచుకుంటున్నారు. పైగా కోటలూ రాజులూ అంటే ఆసక్తి లేదు. "గోల్కొండ చూశాం కదా, అంత డబ్బు పోసి ఇంకో కోటెందుకురా" అని ఫోన్లోనే అనేశారు. అమ్మ గుడ్డు కూడా తినదు.

లోపల ఎంత నడవాలి? ముందు ఏది చూస్తే మంచిది? గైడ్ అవసరమా? అమ్మకు తిండి ఎలా? ఇంకొకటి, నాన్న ఇంటిపేరు పెద్దది, టికెట్ మీద సగమే పట్టింది. దాంతో అదో టెన్షన్.

రెండుచెప్పులు | మార్చి 9, రాత్రి 11:25

పేరు సంగతి వదిలేయండి. మా మావయ్యగారి టికెట్ మీద ఇంటిపేరు వెనక్కీ పేరు ముందుకీ వచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లకు కావాల్సింది పాస్‌పోర్టు నంబరు. కానీ పాస్‌పోర్టు మాత్రం అసలుదే చేతిలో ఉండాలి. ఒక్కసారి కాదు, మూడు నాలుగు చోట్ల అడుగుతారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను తెలివిగా దాన్ని హోటల్ లాకర్లో పెట్టి వెళ్లాను. ఆ కొండ దిగి మళ్లీ ఎక్కిన కథ ఇక్కడ వద్దు.

అసలు కిటుకు టైము దగ్గరుంది. అల్హంబ్రా అంటే ఒక భవనం కాదు, కొండ మీద చిన్న ఊరు. పొడవే ముప్పావు కిలోమీటరు దాకా ఉంటుంది. 12:30 అని ఉన్నది నస్రిద్ భవనాలకు మాత్రమే. ఆ అరగంటలోపు గుమ్మం దాటాలి, తప్పితే ఇక లోపలికి పంపరు. ఒకసారి లోపలికి వెళ్లాక ఎంతసేపున్నా ఎవరూ తరమరు. తోటలు, కోట భాగం అదే రోజు మీ ఇష్టమొచ్చినప్పుడు చూసుకోవచ్చు, పొద్దున 8:30కే తెరుస్తారు.

మీరు తొమ్మిదిన్నరకల్లా కొండ మీదుండండి. ఊళ్లోంచి సీ30, సీ32 అనే చిన్న బస్సులు పైదాకా వెళ్తాయి. నాన్నగారిని గోమెరెస్ వీధి ఎక్కించొద్దు, అది నిట్టనిలువు. టికెట్ ఆఫీసు ఉన్న పై గేటు దగ్గర దిగితే హెనెరలీఫె తోట పక్కనే. చల్లటి పూట అది చూసేసి, పదకొండున్నరకు బయల్దేరి నిదానంగా నస్రిద్ వైపు నడవండి. మామూలుగా పావుగంట, నాన్నగారితో అరగంట వేసుకోండి.

దానిమ్మగింజ | మార్చి 10, ఉదయం 7:02

హెనెరలీఫె అని మీరు సుఖంగా రాసేశారు గానీ, బోర్డు మీద దాని ఇంగ్లిష్ అక్షరాలు చూసి నేను "జనరల్ లైఫ్" అని చదివా. ఇన్సూరెన్స్ ఆఫీసు కొండమీదెందుకు పెట్టారా అనుకున్నా.

చెప్పుల గురించి ఒక మాట. దారులన్నీ నల్లవీ తెల్లవీ గులకరాళ్లు నిలబెట్టి పూలూ తీగల్లా పరిచారు. చూడ్డానికి ముగ్గులా ఉంటాయి, అరికాలికి మాత్రం నరకం. పల్చటి అట్ట చెప్పులతో రానివ్వొద్దు.

ఎండమావి | మార్చి 10, మధ్యాహ్నం 1:15

నా మాట కటువుగా అనిపిస్తే క్షమించండి. పోయిన ఆగస్టులో వెళ్లాం. నలభై డిగ్రీల ఎండ, మనిషి మీద మనిషి, సున్నపు గోడల మీద చెక్కుళ్లు చూసిందే చూడడం. రెండో హాలు దాటాక మా పిల్లలు ఐస్‌క్రీమ్ అని ఏడుపు. టికెట్లు వేరే సైట్లో రెట్టింపు రేటుకు కొన్నాను (సైటు పేరు చెప్పను, తప్పు నాదే). మీ నాన్నగారు చెప్పిందే నిజం, గోల్కొండ చూసినవాళ్లకు ఇందులో కొత్తేం లేదు. ఆ డబ్బుతో సముద్రం ఒడ్డున రెండు రోజులు హాయిగా గడపొచ్చు.

దానిమ్మగింజ | మార్చి 10, మధ్యాహ్నం 1:40

ఆగస్టులో మిట్టమధ్యాహ్నం వెళ్తే స్వర్గం కూడా ఉక్కపోస్తుంది అన్నా.

పాతరాతిగోడ | మార్చి 10, రాత్రి 8:50

ఎండమావి గారూ, గోల్కొండ శత్రువును ఆపడానికి కట్టింది. ఇక్కడ కూడా ఆల్కసాబా అని అచ్చంగా కోట భాగమే ఒకటుంది, బురుజులూ కాపలా గోడలూ. దాన్ని గోల్కొండతో పోలిస్తే గోల్కొండే గెలుస్తుంది, ఒప్పుకుంటా. నస్రిద్ భవనాలు ఆ లెక్కలోకి రావు.

నత్తనడక గారూ, మీ నాన్నగారు కాలువల మీద పనిచేశారని చదవగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. నేను కూడా సివిల్ ఇంజినీరునే. అల్హంబ్రాను మీ నాన్నగారి కంటే బాగా చూడగలిగేవాళ్లు మీ గుంపులో ఉండరు. ఆయనకు రాజుల కథలు చెప్పకండి. నీళ్లెక్కణ్ణుంచి వచ్చాయో అడగండి.

అల్హంబ్రా ఉన్నది కొండ మీద, దారో నది పారేది కింద లోయలో. 1238లో గ్రనాడాను చేజిక్కించుకున్న మొదటి నస్రిద్ సుల్తాను మొదటి ముహమ్మద్ ఈ కొండ మీద కట్టడం మొదలుపెట్టినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఆ లెక్కే. నదిని కొండ కింద పట్టుకుంటే నీళ్లు పైకి తోడలేక చావాలి. అందుకని సుమారు 6 కిలోమీటర్లు ఎగువకు వెళ్లి అక్కడ అడ్డుకట్ట వేసి కాలువ తీశారు. నది తన వాలులో తను గబగబా కిందికి దిగిపోతుంది. కాలువకు మాత్రం చాలా తక్కువ వాలు ఇచ్చి, కొండ నడుము పట్టుకుని తిప్పుకుంటూ తెచ్చారు. ఆరు కిలోమీటర్లు వచ్చేసరికి ఈ రెంటికీ మధ్య ఎత్తు తేడా ఎంత పెరుగుతుందో మీ నాన్నగారు నోటిలెక్కలో చెప్పేస్తారు. దాని పేరు అసెకియా రియాల్, రాజకాలువ. అసెకియా అనే స్పానిష్ మాటే అరబిక్ 'సాకియ' లోంచి వచ్చింది.

ఆ కాలువ ముందు హెనెరలీఫె తోటను తాకి, తర్వాత చిన్న వంతెన మీదుగా అల్హంబ్రాలోకి వెళ్తుంది. తోట నడిమధ్య వాకిట్లో పొడుగ్గా పారేది అలంకారానికి తవ్విన తొట్టి కాదు, అసలు కాలువే. దాని మీదకి వంగి చిమ్మే నీటిధారలు మాత్రం 19వ శతాబ్దంలో పెట్టినవి. సుల్తానుల కాలంలో అక్కడ అంత చప్పుడు లేదు. ఫొటోల్లో అందరూ పడి చచ్చేది ఆ ధారలకే, నాకైతే అవి లేకపోతేనే బాగుండనిపిస్తుంది.

కాలువ మట్టం కంటే పైనున్న మళ్లకు పశువులు తిప్పే చక్రంతో నీళ్లు తోడి, పైన చెరువు నింపి, అక్కణ్ణుంచి వదిలేవాళ్లు. ఇదంతా బోర్డుల మీద రెండు ముక్కల్లో ఉంటుంది, ఎవరూ ఆగి చదవరు.

కొబ్బరాకు | మార్చి 10, రాత్రి 9:30

చిన్న సందేహం, నవ్వకండి. అల్హంబ్రా మూర్లు కట్టారని అంటుంటారు కదా, మూర్లు అంటే ఎవరు? మొరాకో వాళ్లా?

పాతరాతిగోడ | మార్చి 10, రాత్రి 10:05

నవ్వేదేం లేదు, ఆ మాటే గందరగోళం. అది యూరప్ వాళ్లు బయటనుంచి పెట్టిన పేరు. 711లో ఉత్తరాఫ్రికా నుంచి జలసంధి దాటి వచ్చిన అరబ్బులూ బెర్బర్లూ, వాళ్ల తర్వాతి తరాలూ, ఇస్లాంలో కలిసిన స్థానికులూ, అందరినీ కలిపి మూర్లనేశారు. నస్రిద్‌లు కట్టడం మొదలుపెట్టేనాటికే అది ఐదొందల ఏళ్ల పాత సంగతి. పదితరాలు దాటినా "బయటనుంచి వచ్చినవాళ్లు" అనడం మనకు తెలియనిదా! చుట్టూ ముస్లిం రాజ్యాలు ఒక్కొక్కటీ పోయాక గ్రనాడా ఒక్కటే మిగిలింది, అదీ కాస్టీల్ క్రైస్తవ రాజులకు కప్పం కట్టుకుంటూ. మనం చూసే గొప్ప భాగమంతా ఆ కప్పం కట్టే 14వ శతాబ్దంలోదే, మొదటి యూసుఫ్, ఆయన కొడుకు ఐదో ముహమ్మద్ హయాంలోది. 1492 జనవరి 2న ఆఖరి సుల్తాను బోఅబ్దిల్ తాళాలు అప్పగించాడు. గోడల నిండా "దేవుడు తప్ప విజేత లేడు" అని అరబిక్‌లో రాసి ఉంటుంది. ఓడిపోతూ ఉన్న రాజ్యం ఇంటి గోడల మీద అదే మాట మళ్లీ మళ్లీ.

బేగంపేట_బస్సు | మార్చి 11, ఉదయం 6:45

హైదరాబాద్ వాళ్లకు ఒక మాట. బేగంపేటలో స్పానిష్ మాస్క్ అని ఒక మసీదుంది కదా, 'పైగా' వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా స్పెయిన్ వెళ్లి కార్డోబా పెద్ద మసీదు చూసి ముచ్చటపడి మొదలుపెట్టించింది అదే. ఆయన పోయాక 1906లో పూర్తయింది. బయట గుండ్రటి గుమ్మటాల బదులు సూదిగా లేచిన శిఖరాలుంటాయి. నేను పదేళ్లు దాని ముందు నుంచే ఆఫీసుకు వెళ్లాను, ఒక్కసారి తలెత్తి చూడలేదు. కార్డోబా వెళ్లి ఆ తోరణాలు చూశాక బుద్ధొచ్చింది. గ్రనాడా దాకా వెళ్లేవాళ్లు వీలైతే కార్డోబాకు కూడా ఒక రోజు పెట్టుకోండి.

చారు_ప్రియ | మార్చి 11, ఉదయం 10:20

అమ్మగారి తిండి సంగతి ఎవరూ ముట్టుకోలేదు, మగవాళ్ల తీరే అంత.

గ్రనాడాలో ఏ పానీయం తీసుకున్నా పక్కన ఒక చిన్న పళ్లెం ఉచితంగా పెడతారు, టాపా అంటారు. అందులో సగంసార్లు మాంసమే. ఆర్డరిచ్చే ముందే "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ ఉయెవో" అనండి. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. దానికి "సిన్ హమోన్" విడిగా చేర్చండి, ఎందుకంటే పందిమాంసపు తునకల్ని వాళ్లు మాంసం లెక్కలో వేయరేమో అని నా అనుమానం! సల్మొరేహో అనే చల్లటి టమాటా చారు చూసి ఆశపడొద్దు, పైన గుడ్డూ హమోనూ చల్లి తెస్తారు. "వద్దు" అని ముందే చెప్తే సరి.

అమ్మగారికి నచ్చేది వంకాయ వేపుడు, బెరెన్‌హేనాస్ కోన్ మియెల్. సన్నగా తరిగి, పిండి అద్ది కరకరలాడేలా వేయించి, మీద చెరుకు పాకం పోస్తారు. మొదటి ముక్కకు "ఇదేం వంట" అనిపిస్తుంది, ఐదో ముక్కకు పళ్లెం ఖాళీ. పిండిలో గుడ్డు ఉందేమో మాత్రం అడగండి. శనగలూ పాలకూరా కలిపిన కూర దొరికితే రొట్టెతో కడుపు నిండుతుంది. అయినా సంచిలో పులిహోర పేస్టు పెట్టుకోండి.

ఆకుపచ్చ_అరుగు | మార్చి 11, సాయంత్రం 5:55

చెట్ల పిచ్చివాళ్ల తరఫున ఒక ముక్క. పెద్ద నీటి కొలను ఉన్న వాకిలికి అటూ ఇటూ నడుమెత్తు కంచెలా కత్తిరించిన మొక్క మర్టల్. మన జామ, నేరేడు కుటుంబమే. ఆకు నలిపితే ఘాటైన వాసన. తెంపకండి, రాలినది దొరుకుతుంది. ఊళ్లో వీధుల వెంట నారింజ చెట్లు విరగకాసి ఉంటాయి, ఎవరూ కోయరేంటా అని మా అత్తగారు ఒకటి తెచ్చి వలిచి నోట్లో పెట్టుకున్నారు. చేదూ పులుపూ. తర్వాత ఆ మొహం చూసి మేమెవరం నవ్వలేదు, ధైర్యం లేక. స్పానిష్‌లో దాన్ని నరాంహా అంటారు, మన నారింజే. సంస్కృతం నుంచి పర్షియా, అరబ్బు దేశాల మీదుగా అక్కడికి చేరిన మాట.

నత్తనడక | మార్చి 11, రాత్రి 11:10

ఇన్ని సంగతులా! అందరికీ థాంక్స్. పాతరాతిగోడ గారూ, మీరు రాసింది నాన్నకు ఫోన్లో చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆరు కిలోమీటర్లకు వాలు ఎంతిచ్చారో రాశారా?" అన్నారు. వెళ్లొచ్చాక రాస్తాను.

నత్తనడక | మే 19, రాత్రి 9:30

మాటిచ్చినట్టే వచ్చాను. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మొదటి సాయంత్రం పెద్ద చర్చి దగ్గర ఒకావిడ అమ్మ చేతిలో ఓ ఆకు రెమ్మ పెట్టింది. అమ్మ దవనం అనుకుని మురిసిపోయి కొప్పులో పెట్టుకోబోయింది. రోజ్‌మేరీ అట. ఆవిడ అమ్మ అరచెయ్యి పట్టుకుని జాతకం మొదలుపెట్టి పది యూరోలు అడిగింది. రెండిచ్చి బయటపడ్డాం. అమ్మ మాత్రం ఆ రెమ్మను పర్సులో పెట్టి తెనాలి దాకా తీసుకెళ్తానంటోంది, రెండు యూరోలు పెట్టి కొన్నాం కదా అని.

మర్నాడు రెండుచెప్పులు గారి ప్లాన్ అక్షరం పొల్లుపోకుండా పాటించాం. తొమ్మిదిన్నరకు హెనెరలీఫెలో ఉన్నాం. దిగువన కూరగాయల మళ్లు ఇప్పటికీ సాగులో ఉన్నాయి, నాన్న మొదట ఆగింది అక్కడే. తర్వాత కాలువ వాకిలి. జనమంతా నీటిధారల కింద ఫొటోలు దిగుతుంటే నాన్న వంగి, ధారలకు దూరంగా కాలువ ఓ చివర నీళ్లలో రాలిన ఆకు ఒకటి వేశారు. నా ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టమన్నారు. ఆకు కదిలిన దూరం తన అడుగులతో కొలిచారు. కాపలా ఆయన అనుమానంగా చూస్తున్నాడు, నాకు చెమటలు. నాన్న మాత్రం మొహం మీద నవ్వుతో "పారుతోందిరా, నిలవ నీళ్లు కాదు" అన్నారు.

ఇక నీటి మెట్లు. ఆ తోటలో పైకి వెళ్లే పాత మెట్ల దారి ఒకటుంది, చుట్టూ చెట్లు కమ్ముకుని చీకటిగా. మెట్లకు రెండువైపులా ఉన్న పిట్టగోడల పైభాగాన్ని కాలువలా తొలిచారు, నీళ్లు గలగలా కిందికి పారుతుంటాయి. అంటే చెయ్యి పట్టుకునే చోటే నీళ్లు. నాన్న మోకాళ్ల గురించి భయపడ్డాను కదా, ఆయన ఎడమచెయ్యి నీళ్లలో పెట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కారు. మధ్యలో వెడల్పాటి అరుగు వచ్చినప్పుడల్లా ఆగి, నీళ్లు అక్కడ ఎలా మలుపు తిరుగుతున్నాయో చూడడం. పైకి చేరేసరికి అరగంట. అమ్మ కింద బెంచీ మీద కూర్చుని "మీ నాన్న డ్యూటీలో చేరారు" అంది.

12:40కి నస్రిద్ లోపలికి వెళ్లాం. కొలను ఉన్న వాకిలి గురించి చెప్పాలి. ఫొటోల్లో చూసి అదేదో స్విమ్మింగ్ పూల్ అనుకున్నా. రెండు చివర్లా నేలమట్టానికి గుండ్రటి రాతి పళ్లెం ఒకటుంటుంది. నీళ్లు మధ్యలోంచి ఉబికి, పళ్లెంలో తిరిగి వేగం తగ్గి, సన్నటి బోదెలోంచి అలికిడి లేకుండా కొలనులోకి జారతాయి. అందుకే కొలను మీద ముడత పడదు, ఎదురుగా ఉన్న బురుజు మొత్తం తలకిందులుగా అందులో కనిపిస్తుంది. నేనైతే బురుజును ఫొటో తీస్తున్నా. నాన్న చూపించకపోతే ఆ పళ్లెం తొక్కుకుంటూ వెళ్లిపోయేవాణ్ణి.

సింహాల వాకిట్లో పన్నెండు సింహాలు, 124 స్తంభాలు. ఒక్కో సింహం మొహం ఒక్కోలా ఉంది, అమ్మ అన్నీ తిరిగి చూసి ఒకదానికి మా పక్కింటాయన పోలికలున్నాయని తేల్చింది. గైడ్‌ని పెట్టుకోలేదు గానీ పక్క గుంపు గైడ్, గంటకో సింహం నోట్లోంచి నీళ్లొచ్చే గడియారం ఇది అని చెప్తుంటే విన్నాం. నాన్న పెదవి విరిచారు. పళ్లెం చుట్టూ చెక్కిన ఇబ్న్ జమ్రక్ పద్యం సంగతి ఆడియోలో విన్నాం. పారేది నీళ్లా, పాలరాయా తెలియడం లేదని అందులో అంటాడట.

పక్క హాల్లో తొట్టి అడుగున ఎర్రటి మరకలు. అబెన్సెర్రాహె కుటుంబం వాళ్లను అక్కడే తలలు నరికారని, ఆ రక్తం ఇంకా పోలేదని కథ. నాన్న కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని ఒక్క నిమిషం చూసి, "తుప్పు" అన్నారు. పైన కప్పు మాత్రం తలెత్తించింది. నక్షత్రం ఆకారంలో, తేనెపట్టు గదుల్లాంటి సున్నపు ముక్కలు వందలు వందలు కిందికి వేలాడుతున్నట్టు. సందుల్లో అక్కడక్కడా పాత నీలిరంగు ఇంకా ఉంది. ఒకప్పుడు గోడలన్నీ రంగులేనట.

స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ కట్టించిన భవనం బయట చతురస్రం, లోపల గుండ్రం. 1527లో మొదలుపెట్టారట. అక్కడి మెట్ల మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న చపాతీలు బయటికి తీయబోతే ఇక్కడ తినకూడదన్నారు, గేటు బయటికి వెళ్లి తిన్నాం. ఆల్కసాబా ఎక్కలేదు. నాన్న సరిగ్గా అక్కడ ఆగి "కోటలు మనకున్నాయిలే" అన్నారు.

చారు_ప్రియ గారూ, వంకాయ వేపుడు రెండు పూటలా తిన్నాం. అమ్మ ఇంట్లో బెల్లం పాకంతో ప్రయత్నిస్తానంది. నాన్న భయపడుతున్నారు.

ఎండమావి | మే 19, రాత్రి 10:15

ఆ రాతి పళ్లేలు నేనూ చూశాను. అందులో మా చిన్నోడు కాలు పెట్టబోతే తిట్టాను కూడా. అవెందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. నవంబర్‌లో మళ్లీ వెళ్తే చలి ఎక్కువుంటుందా?

రెండుచెప్పులు | మే 19, రాత్రి 10:32

స్వెటర్ చాలు, సాయంత్రాలకు జాకెట్ ఉంచుకోండి. వెనకాల సియెరా నెవాడా మీద మంచు కనిపించొచ్చు. అప్పుడు త్వరగా మూసేస్తారు, టైము చూసుకోండి. ఈసారి టికెట్ అసలు సైట్లోనే కొనండి బాబూ.

నత్తనడక | మే 20, ఉదయం 8:05

పాతరాతిగోడ గారూ, నాన్న రాత్రంతా కాగితం మీద ఏదో గీస్తూ కూర్చున్నారు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా మిమ్మల్ని ఒకటి అడగమన్నారు: కొండచరియ వెంట ఆరు కిలోమీటర్ల కాలువ అంటే వానాకాలంలో మట్టి జారి పూడిపోవాలి కదా, ఆ రోజుల్లో పూడిక ఎవరు తీసేవాళ్లు, ఏ నెలలో నీళ్లు కట్టేసేవాళ్లు, దానికి కాలువ కాపలా చూసే లస్కర్లుండేవాళ్లా అని.

పాతరాతిగోడ | మే 20, ఉదయం 8:20

నాలుగుసార్లు వెళ్లాను, ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. నాన్నగారి నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి. సాయంత్రం ఆరు తర్వాత చేస్తాను, ఆ కాగితం దగ్గర పెట్టుకోమనండి.